పేరడగని సూది

తాండూరులో మా అత్తగారింట్లో ఒక డాక్టరును మెచ్చుకోవాలంటే ఒక్కటే మాట: "ఆయన చెయ్యి మంచిది." ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెయ్యి మంచిదైతే పచ్చడి కలపమనండి, ఇంటి ముందు ముగ్గు వెయ్యమనండి. సూది వేసేముందు మాత్రం అందులో ఏముందో చెప్పమనండి. నేను అడిగింది అంతే. దానికే నన్ను గయ్యాళిని చేశారు.

నేను వికారాబాదులో ప్రభుత్వ బడిలో టీచర్ని, సోషల్ చెప్తాను. పుట్టింది, చదివింది వికారాబాదే. పెళ్ళయి తాండూరు వచ్చినప్పటి నుంచి పొద్దున రైలెక్కి బడికి పోవడం, సాయంత్రం మళ్ళీ రైలెక్కి ఇంటికి రావడం. నా భర్తది బండల పాలిషింగ్ యూనిట్. పెద్దేముల్ వైపు పొలాలున్న కుటుంబం, మామ కాలంలో బండల వ్యాపారంలోకి దిగింది. ఇల్లు యూనిట్‌కు దగ్గరే. మేడ మీద ఆరేసిన చీరను దులపకుండా కట్టుకోలేం. ఆ దుమ్ములోనే కాపురం, ఆ దుమ్ముతోనే మా అన్నం, కాబట్టి దుమ్మును తిట్టే హక్కు మా ఇంట్లో ఎవరికీ లేదు. కానీ ఏ బాధ వచ్చినా దాని మీదికి తోసెయ్యడానికి మాత్రం అందరికీ హక్కుంది.

నాకు నోరు ఎండడం మొదలైనప్పుడు అదే జరిగింది. పాఠం మధ్యలో నాలుక అంగిలికి అతుక్కుపోయేది. జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేది కాదు, పప్పులో నానేసుకుని మింగేదాన్ని. పళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పుచ్చిపోయాయి. కళ్ళల్లో ఎప్పుడూ ఇసుక పడ్డట్టు గరగర. పొద్దున లేస్తే వేళ్ళ కీళ్ళు పట్టేసి చాక్‌పీసు పట్టుకోవడానికి కాసేపు పట్టేది. ఇంట్లో చెప్తే అత్తమ్మ నవ్వింది.

"తాండూర్ల ఎవరి కండ్లు మండయ్ బిడ్డా? దుమ్ము గాదా. పొద్దుమీకి వచ్చినంక చల్లనీళ్ళతోని మొహం కడుక్కో."

కడుక్కున్నాను. దుమ్ము పోయింది, గరగర పోలేదు. వేసవి సెలవుల్లో వికారాబాదులో మా అమ్మ దగ్గర ఉన్నప్పుడూ అంతే. అక్కడ బండల దుమ్ము లేదు కదా అని నా భర్తను అడిగితే, "గాలి మారింది గదా, గందుకే" అన్నాడు. దుమ్మున్నచోట దుమ్ము, దుమ్ము లేనిచోట గాలి. ఇక నేనేం మాట్లాడాలి? కళ్ళ డాక్టరు చుక్కల మందు రాశాడు. పళ్ళ డాక్టరు గుంతలు పూడ్చాడు. కీళ్ళకు బలం బిళ్ళలు ఇచ్చారు. కళ్ళాయన నా నోటి సంగతి అడగలేదు, పళ్ళాయన నా వేళ్ళ వైపు చూడలేదు. ఒక్క మనిషిని తలా ఒక ముక్క పంచుకుని, ఎవరి ముక్క వాళ్ళు బాగు చేసి పంపించారు.

తర్వాత దవడ వాచింది. రెండు వైపులా చెవి కింద నుంచి ఉబ్బి, అద్దంలో నా మొహం నాకే వేరే ఎవరిదో అనిపించింది. అత్తమ్మ ఒక్క చూపు చూసి గవదలు అని తేల్చింది. గవదలు చిన్నపిల్లలకు వస్తాయి కదా అంటే, "చిన్నప్పుడు రాకుంటె పెద్దగైనంక వస్తయ్" అంది. బట్టలకు వాడే నీలిమందు కలిపి రెండు చెంపలకూ పూసింది. నీలి చెంపలతో బడికి పోలేక సెలవు పెట్టాను. వాపు తగ్గకపోతే నా భర్త "సారు"ను పిలుచుకొచ్చాడు.

ఆయన మా అత్తగారింటికి ఏళ్ళుగా వచ్చే డాక్టరు. ఏం చదివాడో మాలో ఎవరికీ తెలియదు. ఆర్‌ఎంపీ అని కొందరు, కాదు పెద్ద చదువే అని కొందరు. కరోనా రోజుల్లో పట్నంలో, ఊళ్ళో తలుపులన్నీ మూసుకున్నప్పుడు మా మామ మంచం దాకా వచ్చింది ఆయనొక్కడే. మామ బతకలేదు. అయినా ఆయన వచ్చాడు, చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. అది నేను మరిచిపోను. పూర్తిగా చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. అలా కాకపోవడం వల్లే ఇంత కోపం.

ఆయన పద్ధతి ఒకటుంది. సంచిలోంచి చిన్న సీసా తీసేవాడు. దాని మీది కాగితం ముందే పీకేసి ఉండేది. సూదిలోకి ఎక్కించుకుని, సీసా మళ్ళీ సంచిలో వేసుకుని, అప్పుడు మన వైపు తిరిగేవాడు. ఏం మందు అని ఎవరూ అడగరు. అడగకపోవడానికి మా అత్తమ్మ దగ్గర గట్టి కారణం ఉంది. కామెర్లకు పసరు పోసేవాళ్ళు ఆకు పేరు చెప్పరు. చెప్తే మందు గుణం పోతుందని మా వైపు నమ్మకం. పసరు తాగేవాడు కళ్ళు మూసుకుని తాగాలి, పేరు అడక్కూడదు. అత్తమ్మ ఆ కట్టుబాటును పసరు గిన్నె నుంచి తీసి నేరుగా సూదికి తగిలించింది. ఆమెకు చదువు లేదు, సరే. డిగ్రీ చదివిన నా భర్తా అలాగే నమ్మాడు. సారుకు ఆ నమ్మకం బాగా కలిసొచ్చింది.

సూది వేసిన రెండు మూడు రోజులకు వాపు దిగిపోయింది. వేళ్ళ నొప్పి కూడా పోయింది. ఇల్లంతా సారు చేతిని పొగిడింది. కొన్నాళ్ళకు వాపు మళ్ళీ వచ్చింది, మళ్ళీ సూది, మళ్ళీ దిగింది. ఇలా ఏళ్ళు గడిచాయి. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఇది ఎందుకొస్తుంది సార్, మాటిమాటికి?"

ఆయన సూది తుడుచుకుంటూ, "తగ్గుతుందా లేదా టీచరమ్మా?" అన్నాడు.

"తగ్గుతుంది."

"మరి ఇంకేం ఫికర్?"

నా భర్త, అత్తమ్మ నవ్వారు. నా ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

పోయిన వానాకాలంలో ఎడమవైపు వాపు మొండికేసింది. సూది వేస్తే సగం దిగేది, సగం ఉండేది. ఆ మిగిలిన సగం గట్టిపడింది, కందిగింజంత కాదు, చింతగింజంత కాదు, నిమ్మకాయంత. బరువు తగ్గాను. జాకెట్లు వదులైతే దర్జీ దగ్గర కుట్టు లోపలికి వేయించుకున్నాను. ఒక శనివారం బడి అయ్యాక అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ నా దవడ కింద చెయ్యి పెట్టి, తియ్యకుండా అలాగే ఉండిపోయింది. మెడ మీద గడ్డ అంటే వికారాబాదు వాళ్ళకు ముందు గుర్తొచ్చేది గుట్ట మీది టీబీ దవాఖానా. అమ్మా అదే అనుకుంది. అనుకున్నా నీలిమందు కలపలేదు.

"పట్నం పోదాం. నేనొస్త. మీ ఇంట్ల ఎవ్వరినీ అడగకు" అంది.

అడగలేదు, చెప్పాను. నా భర్త పోవద్దనలేదు. "పోతె పో, గని పోయే ముందు సారుతోని ఒక సూది ఏయించుకో. తోవల నొప్పి లేకుంట ఉంటది" అన్నాడు. నిజంగానే ప్రేమతో అన్నాడు. నొప్పి నిజంగానే ఎక్కువగా ఉంది, వేయించుకున్నాను. ఆ ప్రేమ ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

హైదరాబాదులో చూసిన డాక్టరమ్మ నా వయసుదే. గడ్డను తాకకముందే అడిగింది: "నీళ్ళు తాగకుండా పొడి రొట్టె తినగలరా?" నేను అమ్మ మొహం చూశాను. తర్వాత కళ్ళు, పళ్ళు, వేళ్ళు, ఒక్కొక్కటే అడిగింది. ఇన్నేళ్ళుగా తలా ఒక ముక్క పంచుకున్నవాళ్ళలో ఎవరూ కలపనిది ఆమె కలిపింది. నాకు సంతోషం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఒక్క ప్రశ్న కదా! రొట్టె తినగలవా అని అడగడానికి పెద్ద మిషన్లు కావాలా?

రక్తం తీశారు. జబ్బుకు నోరు తిరగని పేరొకటి చెప్పింది. ఒంటికి కాపలా ఉండే కణాలే ఒంటి మీద తిరగబడే జబ్బట. చెవి కింద ఉమ్మి ఊరే గ్రంథులను అవి శత్రువులనుకుని ఏళ్ళ తరబడి వాటి మీద పడుతూ ఉంటాయట.

"యుద్ధం ఆగదు కాబట్టి సైన్యం పెరుగుతూనే ఉంటుంది" అంది ఆమె. "కణాలు మళ్ళీ మళ్ళీ పుడుతుంటే ఎక్కడో ఒకచోట తప్పు జరుగుతుంది. ఒక కణం ఆగడం మానేసి, పని లేకపోయినా పెరుగుతూ పోతుంది. అది లింఫోమా, ఒక రకం క్యాన్సర్. మీకు అదే వచ్చిందని నేను అనడం లేదు. ఈ జబ్బున్న వాళ్ళలో చాలామందికి రాదు కూడా. కానీ మిగతా వాళ్ళ కంటే మీకు ప్రమాదం ఎక్కువ. ఇన్నేళ్ళుగా వాస్తున్న ఈ దవడను ఎవరో ఒకరు గమనిస్తూ ఉండాల్సింది."

"గమనించారండీ" అన్నాను. "నీలిమందు కూడా పూశారు."

ఆమె నవ్వలేదు. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. మరుసటి వారం వెళ్తే ముక్కలో ఏదీ సరిగ్గా తేలలేదని చెప్పింది. అనుమానం ఉంది, రుజువు లేదు.

"ఈమధ్య స్టెరాయిడ్ ఏమైనా తీసుకున్నారా? అది పడితే ఈ కణాలు కొన్నాళ్ళు కరిగిపోయి దాక్కుంటాయి. ముక్క తీసినా దొరకవు."

"పరీక్షకు ముందు సూది వేయించుకున్నాను."

"ఏం సూది?"

"తెలియదు."

"ఎన్నేళ్ళ నుంచి?"

"చాలా ఏళ్ళ నుంచి."

ఆమె పెన్ను కింద పెట్టింది. "పేరు కనుక్కోండి. కొన్ని తొందరగా ఒంట్లోంచి పోతాయి, కొన్ని వారాల తరబడి ఉంటాయి. పేరు తెలిస్తేనే మళ్ళీ ముక్క ఎప్పుడు తియ్యాలో చెప్పగలను. తొందరపడితే మళ్ళీ ఏమీ దొరకదు, మరీ ఆలస్యం చెయ్యడమూ మంచిది కాదు. ఈలోపు ఇంకే సూదీ వద్దు. ఏది ఏమైనా వద్దు."

నా ప్రాణం ఒక మందు పేరు దగ్గర ఆగిపోయింది. ఆ పేరు మా ఇంటికి నడిచొచ్చేంత దూరంలో ఉండే మనిషి నోట్లో ఉంది. అడిగితే చాలు.

ఇంటికొచ్చి నా భర్తకు చెప్పాను. క్యాన్సర్ అన్న మాటకు ఆయన మొహం పాలిపోయింది. అయినా అడగమంటే కాళ్ళు కదల్లేదు.

"ఇన్నేండ్ల సంది అడగనిది ఇప్పుడెట్ల అడగాలె? మన మీద నమ్మకం పోయిందనుకోడా?"

"అనుకోనీ."

"నాయిన సచ్చిపోయేనాడు ఎవరొచ్చిన్రు? మర్చిపోయినవా?"

నేనే వెళ్ళాను. క్లినిక్ నిండా జనం. సారు నన్ను చూసి, "పట్నపోళ్ళు భయపెట్టిన్రా? వాళ్ళకు గదే పని" అని అందరికీ వినబడేట్టు అని, ఇంకొకరిని లోపలికి పిలిచాడు. కూర్చున్న వాళ్ళంతా నన్ను జాలిగా చూశారు. నేను తిరిగొచ్చేశాను.

సూది లేకపోయేసరికి గడ్డ పెరగడం మొదలైంది. వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. పెరుగుతుంటే భయం, పెరక్కపోతే ముక్కలో మళ్ళీ ఏమీ దొరకదని భయం. అద్దం ముందు నిలబడి, పెరుగు, కనబడు, దాక్కోకు అని దాన్ని నేనే బతిమాలుకున్నాను. మనిషి చెయ్యాల్సిన పనేనా అది! అత్తమ్మ మాత్రం రోజూ ఒకటే పాట: "కండ్ల ముందర గట్ల ఉబ్బుతుంటె సూస్త ఊకుంటరా? ఒక్క సూది పడితె దిగుతది గదా."

ఒక ఆదివారం వంటింట్లో ఉన్నాను. ముందుగదిలో చెప్పుల చప్పుడు. నా భర్త సారును తీసుకొచ్చాడు. అత్తమ్మ అప్పటికే కుర్చీ వేసి, దాని మీద దిండు పెట్టింది. నేను వచ్చేసరికి ఆయన సూది నింపుకుని ఉన్నాడు.

"కూసో టీచరమ్మా. జర ఓపిక పడితె రెండు రోజులల్ల అంత సాఫ్ అయితది."

"దాని పేరు చెప్పండి సార్."

"పేరు తెలిస్తె ఏం జేస్తవ్?"

"పట్నం డాక్టరుకు చెప్త. మీరు చెప్పకుంటె నా చెయ్యి తాకొద్దు."

అత్తమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏందే గా మాటలు? ఇంటికొచ్చిన మనిషిని గట్లనేనా అడిగేది?"

"ఎట్ల అడగాలె అత్తమ్మా? సచ్చినంక అడగాల్నా?" నా గొంతు వీధి దాకా వినబడి ఉంటుంది. వినబడనీ అనుకున్నాను. ఇన్నేళ్ళు మెల్లగా అడిగితే ఎవరు విన్నారు గనుక!

సారుకు కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది. నన్ను వదిలేసి నా భర్త వైపు తిరిగాడు.

"నేనేమన్న ఇసం ఇస్తున్ననా? మీ అమ్మ మోకాళ్ళకు ఏది ఇస్తున్ననో గదే ఇది! ఆమె నడుస్తలేదా? నీకు దమ్మొచ్చి ఊపిరాడనప్పుడు ఇచ్చింది సుత గదే. నువ్వు మంచిగ కాలేదా?"

నా భర్త ఆయన చేతిలోని సూదిని చూశాడు, వాళ్ళమ్మను చూశాడు. అత్తమ్మ మొహం ఈమధ్య గుండ్రంగా నిండుకుంది, ఒళ్ళు చేసిందని మేమంతా మురిసిపోయాం. ఏడాది కింద ఆమెకు చక్కెర జబ్బు కూడా వచ్చింది. చేతి మీద చిన్న దెబ్బ తగిలినా చర్మం కమిలిపోతుంది.

"అమ్మకు మోకాళ్ళకు, నాకు దమ్ముకు, ఈమెకు దవడకు," నా భర్త మెల్లగా అన్నాడు, "అన్నిటికి ఒక్కటేనా సార్?"

సారు సూదికి మూత పెట్టాడు.

"పేరు చెప్పున్రి సార్." ఈసారి అడిగింది నా భర్త.

ఆయన సంచి సర్దుకుని, గడప దాటేముందు పేరు చెప్పాడు. మెల్లగా, మా ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. స్టెరాయిడే. చాలా రోజులు ఒంట్లో నిలిచే రకం. నేను అక్కడే నిలబడి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. అత్తమ్మ మొహం నిండడం, చక్కెర రావడం కూడా దానివల్లే కావచ్చంది. అత్తమ్మ, పేరు బయటపడింది కాబట్టి ఇక మందు పనిచెయ్యదని గొణుక్కుంటూ దిండు తీసి లోపల పెట్టింది.

డాక్టరమ్మ చెప్పినన్ని వారాలు ఆగి మళ్ళీ వెళ్ళాం. ఈసారి అమ్మ బదులు నా భర్త వచ్చాడు. ముక్క తీశారు, ఈసారి దొరికింది. లింఫోమానే. నెమ్మదిగా పాకే రకం, మందుకు లొంగే రకం అన్నారు. తర్వాత ఆ మందు సెలైన్‌లా ఎక్కించారు, గడ్డ కరిగింది. ఇప్పుడు పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకుంటున్నాను. అసలు జబ్బు మాత్రం నాతోనే ఉంటుంది. ఎండిపోయిన గ్రంథులు ఇక తిరిగి రావని కూడా చెప్పారు.

క్యాన్సర్ అని తేలిన ఆ రోజు నా భర్త డాక్టరమ్మను కూడా ఒక ప్రశ్న అడిగాడు. "ముందుగాల తీస్కొస్తె ఇంత దూరం వచ్చేది కాదా మేడం?"

"చెప్పలేమండీ" అందామె. "ముందే జబ్బు తెలిసి ఉంటే కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. ఇది రాకుండా ఉండేదా అంటే చెప్పలేం."

నిజమే చెప్పింది. ఆ నిజం మీద కూడా నాకు కోపం వచ్చింది. తిట్టడానికైనా నాకొక గట్టి తప్పు కావాలి, అదీ పూర్తిగా చేతికివ్వలేదు.

తిరుగు రైల్లో కూర్చున్నాం. శంకర్‌పల్లి దాటాక నా భర్త కిటికీ వైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత బయటికే వెక్కివెక్కి ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మా వైపు తిరిగారు. ఎదుటి సీట్లో బొంరాస్‌పేటకు పోయే ఒకామె, ఒళ్ళో సంచి పెట్టుకుని, చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించి అడిగింది.

"అన్నకు పెద్ద బీమారా అక్కా?"

"ఆయనకు కాదు. నాకు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆయన మొహం చూసి, మళ్ళీ నన్ను చూసింది.

"నీకైతె గిట్లెట్ల కూసున్నవక్కా, ఏం కానట్టు?"

నాకు ఆయన కంటే పెద్దగా ఏడవాలని ఉంది. మామ పోయిన రోజూ అంతే, అమ్మ నా దవడ మీద చెయ్యి పెట్టిన రోజూ అంతే. లోపలంతా ఏడుస్తుంది, కళ్ళు మాత్రం మండుతాయి. కన్నీళ్ళు ఊరే గ్రంథులను ఆ కాపలా కణాలు ఎప్పుడో తినేశాయి. ఇదంతా రైల్లో ముక్కూమొహం తెలియని మనిషికి ఎలా చెప్పను?

ఆమె సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, ఆయనకిచ్చింది.